గడిలో నాలుగు అంకెలు

పాండురంగానికి అంకెల మీద నమ్మకం, అక్షరాల మీద అనుమానం. మూడో తరగతిలోనే బడికి దండం పెట్టిన మనిషి. అక్షరం ఒక్కో కాగితంలో ఒక్కో వేషం వేస్తుంది గానీ, అంకె ఎక్కడ చూసినా ఒకే ముఖంతో నిలబడుతుందనేవాడు. తుర్కయంజాల్‌లో తాతల నాటి చెలక పొలం ప్లాట్లయిపోయాక హస్తినాపురంలో ఇల్లు కట్టుకుని, నలుగురికీ స్థలాలు చూపించి పెట్టే పనిలో పడ్డాడు. ఆ పనిలో సర్వే నంబరు, ప్లాటు నంబరు, రోడ్డు వెడల్పు అన్నీ అంకెలే. ఇరవై ఏళ్ళలో ఒక్క అంకె కూడా తనను మోసం చేయలేదు.

అంకెల్లోనూ తొమ్మిది ఆయనకు ఇంటి దేవుడితో సమానం. కొడుకు ధనరాజ్ పుట్టింది తొమ్మిదో తేదీన. మొదటి బేరం కుదిరింది తొమ్మిదో నంబరు ప్లాటు మీద. ఎనిమిదేళ్ళ కిందట ఏడుగురు కూర్చునే పెద్ద బండి కొన్నప్పుడు సున్నా తొమ్మిది సున్నా తొమ్మిది నంబరు కోసం ఆర్టీఏ ఆఫీసు వేలంలో నిలబడి, పట్టు విడవకుండా తెచ్చుకున్నాడు. ఇంట్లో ఎవరూ ఆ తొమ్మిది జోలికి పోరు. భార్య మణెమ్మ మాత్రం అప్పుడప్పుడు చురక పెడుతుంది. అదీ చాటుగా కాదు, ఎదురుగానే.

ఆ బండికి టైర్లు అరిగిపోయాయి. మనుమరాలు తేజస్వినికి ఆరో నెల వచ్చింది. కోడలు స్వప్న పుట్టిల్లు సంగారెడ్డిలో పిల్లకు అన్నం ముట్టించాలని ముహూర్తం పెట్టుకున్నారు. అంత దూరం ఔటర్ రింగు రోడ్డు మీద పోవాలి. అరిగిన టైర్లతో పసిపిల్లను పంపనన్నాడు పాండురంగం. మంచి మాటే. ముందు రోజు సాయంత్రం తండ్రీ కొడుకులు బండి తీసుకుని దిల్‌సుఖ్‌నగర్ పోయారు.

అక్కడ బస్ డిపో వెనక సందులో దశరథ అనే మనిషికి టైర్ల దుకాణం ఉంది. తండ్రి కాలం నుంచి ఉన్న దుకాణం. దశరథ కొత్త టైర్లు నాలుగు దించి వరసగా నిలబెట్టాడు. పాండురంగం గొంతుక్కూర్చుని ఒక్కో టైరునూ చేత్తో తడిమాడు. ఇంగ్లీషు అక్షరాల మీదుగా ఆయన చూపు జారిపోయింది. ఒక చోట ఆగింది. టైరు పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక గడి, అందులో నాలుగంకెలు. రెండో టైరు మీదా అదే గడి, కానీ అంకెలు వేరు. బండికి నంబరున్నట్టే టైరుకూ నంబరుంటుందని అప్పటికప్పుడు ఆయన మనసులో ఖాయమైపోయింది. అది దేని నంబరని అడగాలన్న ఆలోచన రాలేదు. సున్నా తొమ్మిది సున్నా తొమ్మిది ఉన్న టైర్లు కావాలన్నాడు.

దశరథ నవ్వాడు. ఆ నంబరుతో ఏం పని సార్, ఇవి నిన్న దిగిన సరుకు అన్నాడు. పాండురంగం నవ్వలేదు. మూడు సార్లు చెప్పి చూశాడు దశరథ. మూడు సార్లూ ఒకటే జవాబు. చివరికి వెనక గోదాములోకి పోయి, గంట తర్వాత కనుబొమల నిండా దుమ్ముతో, భుజం మీద టైరుతో బయటికి వచ్చాడు. అదే కొలత. గడిలో సున్నా తొమ్మిది సున్నా తొమ్మిది. అలాంటివి ఐదు దొరికాయి. గుడ్డతో తుడిచి, నల్ల పాలిష్ పట్టిస్తే నేరేడు పండులా నిగనిగలాడాయి.

ధనరాజ్ వంగి చూసి, ఇవి కొత్తవేనా అని అడిగాడు. కొత్త టైరు మీద సన్నగా పొడుచుకు వచ్చే రబ్బరు వెంట్రుకలు చూపించాడు దశరథ. ఒక్కటీ రాలలేదు, రోడ్డు ముఖం చూడని టైర్లు అన్నాడు. అది అబద్ధం కాదు. తండ్రి ముఖంలో ఆనందం చూసి కొడుకు ఇంకేమీ అనలేదు. నాలుగు బండికెక్కించారు. ఐదోది ఆటోలో ఇల్లు చేరింది. స్టెప్నీ రిమ్ము వంకర పోయి ఎల్‌బీ నగర్‌లో చక్రాల పని చేసే రాఘవేంద్ర దగ్గర బాగుకు ఇచ్చి ఉంది. ఐదో టైరు దానికి ఎక్కించాలి. నంబరు ప్లేటూ టైరూ ఒకే ఫొటోలో పడేలా వంగి, లేచి, మళ్ళీ వంగి ఫొటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాడు పాండురంగం.

మర్నాడు పొద్దున సరిగ్గా తొమ్మిది దాటి తొమ్మిది నిమిషాలకు బండి కదలాలన్నాడు. అందరూ ఎక్కి, తలుపులు మూసుకుని, నిమిషం కోసం ఎదురుచూశారు. పిల్ల ఏడ్చింది.

"నీ గడియారం జూసి ఆకలయితదా పిల్లకు" అంది మణెమ్మ కిటికీలోంచి.

పాండురంగం కొడుకు వైపు తిరిగాడు. ముహూర్తం పదకొండున్నరకు, నడుమ ఎక్కడా ఆగొద్దు, బండి నడిపేటప్పుడు ఫోన్ ముట్టొద్దు అని కొడుక్కు చెప్పాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఒక సాక్షి సంతకం ఉండి ఆయన ఆగిపోయాడు. సంతకం పెట్టి, స్టెప్నీ సంగతి చూసి, భోజనాల వేళకు బస్సులో వస్తానన్నాడు. బండి మలుపు తిరిగేదాకా టైర్లనే చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత ఐదో టైరును ఆటోలో వేసుకుని, ముందు సాగర్ రింగు రోడ్డు దగ్గర రాఘవేంద్ర షాపుకు పోయాడు. రాఘవేంద్రది తెనాలి పక్క ఊరు. ఎల్‌బీ నగర్ వచ్చి ఇరవై ఏళ్ళయింది. చక్రాల అలైన్‌మెంటు పని. మాట మెత్తన, చెయ్యి గట్టి. పాండురంగం టైరును దొర్లించుకుంటూ వచ్చి, గడి పైకి వచ్చేలా ఆపి నిలబడ్డాడు. చూడు, నంబర్ చూడు అన్నాడు.

రాఘవేంద్ర చూశాడు. పక్కనున్న గుడ్డను పెట్రోలులో ముంచి టైరు గోడను గట్టిగా రుద్దాడు. నలుపు గుడ్డకు అంటుకుంది. కింద రబ్బరు బూడిద రంగులో బయటపడింది. దాని మీద సన్నటి పగుళ్ళు, చలికాలం మడమల మీద ఉన్నట్టు. బొటనవేళ్ళతో గోడను వంచితే ఆ పగుళ్ళు నోళ్ళు తెరిచాయి.

"ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి బాబాయ్ గారూ?"

"నాలుగున్నయ్. బండికే ఉన్నయ్."

"బండెక్కడుంది?"

"ఔటర్ మీద పోతున్నది. మావోళ్ళందరు అండ్లనే ఉన్నరు."

రాఘవేంద్ర చేతిలో గుడ్డ కింద పడింది. దాన్ని తీయలేదు. టైరు మీద రాసిందంతా వేలితో ఒక్కొక్కటే చూపిస్తూ వచ్చాడు. గొంతు పెంచలేదు. రెండు వందల ఐదు వెడల్పు, అరవై ఐదు ఎత్తు లెక్క, పదిహేను రిమ్ము. ఇంతవరకూ పాండురంగానికీ తెలుసు. ఆ పక్కన తొంభై నాలుగు. టైరు మోయగల బరువుకు అది గుర్తు. తొంభై నాలుగంటే ఆరు వందల డెబ్బై కిలోలు. దాన్ని ఆనుకుని ఒక ఇంగ్లీషు అక్షరం, ఎస్. అది వేగానికి గుర్తు. ఎస్ అంటే గంటకు నూట ఎనభై కిలోమీటర్ల దాకా ఓర్చుకుంటుందని. ఈ బండికి తయారుచేసినవాళ్ళు చెప్పింది హెచ్, రెండు వందల పది. అంతకన్నా తక్కువది వేశారు. అది కూడా పక్కన పెట్టమన్నాడు రాఘవేంద్ర.

"ఆ అక్షరం కొత్త రబ్బరు ఇచ్చే మాటండి. రబ్బరు చచ్చిపోయాక ఆ మాటకి విలువ లేదు. ఈ గడిలో ఉంది చూశారూ, ఇది నంబరు కాదు. పుట్టిన తేదీ. మొదటి రెండంకెలూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. రెండు వేల తొమ్మిది, తొమ్మిదో వారం. ఫిబ్రవరి ఆఖర్న పుట్టింది. పదహారేళ్ళు దాటాయి."

పాండురంగం గడిని చూశాడు. అదే సున్నా, అదే తొమ్మిది, అదే సున్నా, అదే తొమ్మిది. నిన్న సాయంత్రం చూసినప్పుడు నవ్వుతున్నట్టున్న అంకెలు ఇప్పుడు ఎవరో తెలియని మనుషుల్లా నిలబడి ఉన్నాయి. కాదు అన్నాడు. వెంట్రుకలు కూడా రాలలేదు కదా అన్నాడు. రోడ్డు మీద తిరిగితే వెంట్రుకలు రాలతాయి, వయసుకు రాలవని చెప్పాడు రాఘవేంద్ర. గోదాములో మూల పడి ఉన్నా రబ్బరు లోలోపల ఎండుతూనే ఉంటుంది. నిండా మనుషులు, ఎండ, ఔటర్ మీద వేగం, అన్నీ కలిసి లోపల వేడి పుట్టిస్తాయి. ఎండిన రబ్బరు ఆ వేడికి పొరలు పొరలుగా విడిపోతుంది. విడిపోయే ముందు ఎవరికీ చెప్పదు.

 పాండురంగం టైరు మీద చెయ్యి ఆనించబోయి, పాముని తాకినట్టు వెనక్కి తీసుకున్నాడు. ఫోన్ తీశాడు. ధనరాజ్‌కు చేస్తే మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే. బండి నడిపేటప్పుడు ఫోన్ ముట్టొద్దన్నది తనే. మణెమ్మకు చేశాడు. ఆమె ఫోన్ సంచి అడుగున చీర మడతల్లో ఉంటుంది, ఎప్పుడు మోగినా వినిపించదు. చివరికి స్వప్న ఎత్తింది.

పిల్ల ఇప్పుడే పడుకుందని గుసగుసగా చెప్పింది. బొంగులూరు దగ్గర ఔటర్ ఎక్కి చాలాసేపయిందట. ఎంత స్పీడులో పోతున్నారని అడిగాడు పాండురంగం.

"ముల్లు నూట ఇరవై దాటింది మామా. బండి నీళ్ళ మీద పోయినట్టు పోతుందంటుండు మీ కొడుకు."

మామూలు రోజైతే ఆ మాటకు పాండురంగం మీసం దువ్వుకునేవాడు. ఇప్పుడు ఆ అంకెను రాఘవేంద్రకు తిప్పి చెప్పాడు. రాఘవేంద్ర చేతులతో సైగ చేశాడు. ఒక్కసారిగా బ్రేకు తొక్కొద్దు. యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీయాలి. ఎడమకు రావాలి. నలభైకి దించి, మొదట వచ్చిన చోట కిందికి దిగిపోవాలి. ఫోన్ స్పీకర్లో పెట్టమన్నాడు పాండురంగం కోడల్ని. కొడుకుతో మెల్లగా పొమ్మన్నాడు. ధనరాజ్‌కు చిరాకేసింది. ముహూర్తం మించిపోతుందని తొందర పెట్టిందీ నువ్వే, ఆగొద్దన్నదీ నువ్వే, మళ్ళీ ఏ గడియ బాగాలేదని ఫోన్ చేశావని అడిగాడు. వెనక నుంచి మణెమ్మ నవ్వు వినిపించింది. బండి వేగం తగ్గిన చప్పుడు మాత్రం వినిపించలేదు.

అప్పుడు పాండురంగం, జన్మలో ఎవరి ముందూ అనని మాట అన్నాడు.

"ధనరాజ్, నేను తప్పు చేసిన."

అవతల నవ్వు ఆగిపోయింది.

"ఏం తప్పు బాపు?"

"గవి పదారేండ్ల కిందటి టైర్లు బిడ్డా. నంబర్ అనుకున్న, తేదీ అంట. పలిగిపోతయంట. బ్రేక్ కొట్టకు. కాలు మెల్లగ తియ్యి. ఎడమకు రా."

 ముప్పై రెండేళ్ళలో తండ్రి నోట తప్పు అన్న మాట ధనరాజ్ వినలేదు. టైర్ల సంగతి పూర్తిగా అర్థమైందో లేదో గానీ, ఆ మాటకే యాక్సిలరేటర్ మీంచి వాడి కాలు లేచిపోయి ఉంటుంది. ఇండికేటర్ టిక్కు టిక్కుమనడం ఫోన్లో వినిపించింది. స్వప్న ఒక్కో అంకె చెబుతూ వచ్చింది. నూట పది. తొంభై. డెబ్బై. పాండురంగం ఆ అంకెలు వింటూ కళ్ళు మూసుకున్నాడు.

యాభై అన్నాక స్వప్న గొంతు మారింది. వెనక నుంచి ఏదో చప్పుడొస్తోంది మామా, కింద ఎవరో చేత్తో కొడుతున్నట్టుంది అంది. పిల్ల కెవ్వుమంది. ఏదో కింద పడ్డ చప్పుడైంది. ఫోన్ కట్టయింది.

మళ్ళీ చేస్తే మోగలేదు. ధనరాజ్ ఎత్తలేదు. మణెమ్మ ఎత్తలేదు. రాఘవేంద్ర అప్పటికే రిమ్ములకు బిగించి సిద్ధంగా ఉన్న నాలుగు చక్రాలను, ఎవరో గిరాకీ కోసం పెట్టినవాటిని, తన ట్రాలీ ఆటోలో వేసేశాడు. వాటి గడులు చూపించబోతే పాండురంగం తల తిప్పుకున్నాడు. తర్వాత తనే తల తిప్పి, ఎప్పటివని అడిగాడు. మూడు నెలల కిందటివన్నాడు రాఘవేంద్ర.

ఔటర్ మీదికి ఆటోను రానివ్వరు గనక పక్కనున్న సర్వీసు రోడ్డు పట్టుకున్నారు. దారిలో పాండురంగం దిల్‌సుఖ్‌నగర్ దశరథకు ఫోన్ చేశాడు. ఎందుకు చేశాడో ఆయనకే తెలియదు. చేతులకు ఏదో ఒక పని కావాలి. నీకు తెలుసా అని అడిగాడు. దశరథ దాచలేదు.

"తెలుసు సార్. మా నాయిన ఉన్నప్పటి సరుకు అది, అమ్మకుండ మూలకు పెట్టినం. కొత్తయి సూపిస్తే మీరే ఒద్దన్నరు. మీరు నంబర్ అడిగిండ్రు, నంబర్ ఇచ్చిన. ఎప్పటియని అడగలే."

తిట్టడానికి నోరు తెరిచాడు పాండురంగం. ఒక్క తిట్టూ రాలేదు. తెలిసిన మనిషి తెలిసే ఇచ్చాడు, పసిపిల్ల ఎక్కే బండికి. కానీ గోదాములోకి వాడిని తరిమింది తను. గంటసేపు దుమ్ములో వెతికించి, ఉన్న సరుకంతటిలోకీ పాత సరుకు ఏరి తెప్పించుకున్నది తను. సందు నిండా కొత్త టైర్లుండగా, వాటిని చేత్తో పక్కకు నెట్టి చావును ఏరుకున్నాడు. ఏరుకుని ఫొటో తీసి పంపాడు. ఆ ఫొటో కింద చుట్టాలు పెట్టిన దండాలూ పూలూ ఇంకా వస్తూనే ఉన్నాయి. ఒళ్ళో ఫోన్ టింగుమన్నప్పుడల్లా ఆయన ఉలిక్కిపడుతున్నాడు.

ట్రాలీ ఆటో ఎంత తొక్కినా దారి తరగడం లేదు. పక్కన పైన ఔటర్ మీద బండ్లు రివ్వున పోతున్నాయి. ఒక్కో చోట కాంక్రీటు గోడ పక్కన టైరు తునకలు నల్లగా పడి ఉన్నాయి. ఎప్పుడూ చూసేవే. ఇన్నాళ్ళూ చెత్త అనుకున్నాడు. ఇప్పుడు ఒక్కో తునకా కనబడ్డప్పుడల్లా అందులో గడి ఉందేమోనని కళ్ళు వెతికాయి. రాఘవేంద్ర మాట్లాడించాలని చూశాడు.  పాండురంగం పెదాలు తమలో తామే కదులుతున్నాయి. దేవుడి పేరు తలుచుకోబోతే నోటికి అంకెలే వస్తున్నాయి. అవి వద్దనుకుని నోరు మూసుకున్నాడు.

శంషాబాద్ దగ్గరపడ్డాక ఫోన్ మోగింది. ధనరాజ్. కిందికి దిగి పెట్రోల్ బంకులో ఆపామని చెప్పాడు. పిల్ల ఉలిక్కిపడి తన్నితే స్వప్న ఫోన్ సీటు కింద పడి ఆగిపోయిందట. చప్పుడుకు భయపడి, బండిని నడక వేగంతో కిందికి దించేదాకా ఎవరూ ఫోన్ జోలికి పోలేదట. అందరూ బాగున్నారన్నాడు. పాండురంగం ఫోన్ పక్కకు చాపాడు. రాఘవేంద్రే ఫోన్ తీసుకుని మాట్లాడాడు.

బంకులో గాలి పట్టే చోట బండి ఆగి ఉంది. మణెమ్మ నీడలో నిలబడి పిల్లను భుజాన వేసుకుని ఊపుతోంది. స్వప్న ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉంది. ధనరాజ్ బండి వెనక ఎడమ టైరు ముందు కూర్చుని ఉన్నాడు. తండ్రిని చూసి లేవలేదు, పలకరించలేదు.

రాఘవేంద్ర జాకీ పెట్టి బండి లేపాడు. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాడు. సగం తిరిగేసరికి టైరు నడిమి పట్టీ ఒక చోట పొంగి కనిపించింది, నూనెలో పడ్డ పూరీలా. అక్కడ రోడ్డుకు తగిలే పొర కింది పొర నుంచి విడిపోయి ఉంది. ధనరాజ్ ఆ సందులో వేళ్ళు పెట్టాడు. నాలుగు వేళ్ళూ మొదలంటా లోపలికి పోయాయి. తీసి, వేళ్ళ వంక చూసుకున్నాడు.

"ఇంకెంత దూరం పోయేదన్నా ఇది?" అని అడిగాడు రాఘవేంద్రను.

రాఘవేంద్ర టైరు ముందు నుంచి వాణ్ణి పక్కకు జరిపాడు. పాపను ఇంకొంచెం దూరంగా తీసుకుపొండమ్మా అని మణెమ్మతో అన్నాడు, అంతే. గాలి తీసేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. గాలి పోతున్నంతసేపూ అది బుస కొట్టింది. బంకులో పెట్రోలు పోయించుకునేవాళ్ళు కూడా తిరిగి చూశారు. నాలుగూ విప్పాక చూస్తే ముందు కుడిదాని లోపలి గోడ మీద అరచేయంత వాపు ఉంది. రాఘవేంద్ర సంచిలోంచి పదునైన కత్తి తీసి, ఎవరికీ మళ్ళీ పనికి రాకుండా నాలుగు టైర్ల గోడలూ అడ్డంగా కోసేశాడు. రబ్బరు చర్రున చిరగలేదు. ఎండిన రొట్టె విరిగినట్టు పెళుసుగా విరిగింది.

పాండురంగం ఇదంతా బంకు గట్టు మీద కూర్చుని చూశాడు. ఎప్పుడు కూర్చున్నాడో ఆయనకు తెలియదు. మణెమ్మ పిల్లతో వచ్చి పక్కన కూర్చుంది. ఏదైనా అంటుందనుకున్నాడు. అంటే బాగుండుననుకున్నాడు. ఆమె సంచిలో చెయ్యి పెట్టింది. నీళ్ళ సీసా మూత తీసి ఇస్తే, అది పట్టుకోలేకపోయాడు. సగం నీళ్ళు పంచె మీద ఒలికాయి.

ధనరాజ్ లేచి వచ్చి తండ్రి ముందు నిలబడ్డాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అనడానికి చాలా ఉన్నట్టుంది. చివరికి ఒక్కటే అన్నాడు.

"నువ్వు తప్పు చేసిన అనకుండ ఇంకో నిమిషం ఊకున్నా, నేను గదే స్పీడ్ల పోతుంటి బాపు."

తండ్రి తలూపాడు. స్వప్న పిల్లను అత్త చేతుల్లోంచి తీసుకుని మామ ముందుకు వచ్చింది. తేజస్వినికి ఏమీ తెలియదు. నిద్ర మబ్బు వదిలి, నోట్లో వేలు పెట్టుకుని, తాత ముఖం చూసి చిగుళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. రెండు చేతులూ చాపి ముందుకు దూకింది.

పాండురంగం లేచాడు. చేతులు చాపబోయాడు. అవి వణుకుతున్నాయి. దగ్గరికి చేర్చి పట్టుకున్నా వణుకు ఆగలేదు. వాటిని వెనక్కి తీసుకుని ఒళ్ళో దాచుకుంటున్నట్టు మళ్ళీ కూర్చున్నాడు.

"జర సేపు నీ దగ్గర్నే ఉంచుకో బిడ్డా" అన్నాడు. "కింద ఇడుస్తనేమో అని భయమయితుంది."